బాబుపేట్ అన్న

పోయిన ఆదివారం పొద్దున చంద్రపూర్ బాబుపేట్‌లో నా స్కూటర్ వెనక చక్రంలో గాలి దిగిపోయింది. రెండేళ్లుగా ఆ వీధి తగలకుండా చుట్టు తిరిగి పోతున్నవాణ్ని. ఆ రోజు పెద్ద రోడ్డు తవ్వి పెట్టడంతో గత్యంతరం లేక అటు మళ్లాను. పంక్చర్లు వేసే ఆయన చక్రం ఊడదీస్తూ, ఎదురుగా మూసి ఉన్న షట్టర్ వైపు నేను చూడటం గమనించాడు.

"వైండింగ్ అక్క కోసమా సార్? పోయింది కదా. పదిహేను రోజులైతుంది."

"ఎటు పోయింది?" అన్నాను. దుకాణం మార్చిందేమో అనుకున్నాను, నిజంగానే.

"సచ్చిపోయింది సార్. పని కాడ కూసోనే ఛాతిల నొస్తుందన్నది. దవాఖానకు తోల్కపోతుంటె తొవ్వలనే పానం పోయింది."

ఆయన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. నేనూ బుడగలనే చూస్తూ నిలబడ్డాను. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఇక ఆమెకు ఎదురుపడాల్సిన పని లేదన్న తేలిక. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు గానీ, కలిగిన మాట నిజం. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. గ్రూపులో ఆమె పేరు ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. అందరూ 'బాబుపేట్ అన్న' అనేవారు.

ముందు గ్రూపు సంగతి చెప్పాలి. ఇంట్లో పాటలు వినడానికి సొంతంగా ఆంప్లిఫయర్లు, స్పీకర్ డబ్బాలు తయారు చేసుకునే తెలుగువాళ్ల గ్రూపు అది. ఫోన్లోనే నడుస్తుంది. ఆదిలాబాద్, మంచిర్యాల, సిరిసిల్ల, హైదరాబాద్, ఇటు చంద్రపూర్, బల్లార్‌పూర్ వాళ్లు కూడా కొందరు. ఎవరి డబ్బా మోగినా చప్పట్లు, ఎవరిది కాలిపోయినా ఓదార్పు. గ్రూపు పెట్టింది హైదరాబాద్‌లో రిటైరైన ఒక ఇంజనీరు. అందరికీ ఆయన అడ్మిన్ సార్. గ్రూపును 'మన కుటుంబం' అంటాడు. ఇక్కడ ఎవరూ ఎవరినీ చిన్నచూపు చూడరాదని ఆయన రాసిన నియమం అన్నిటికంటే పైన అతికించి ఉంటుంది.

నేను చంద్రపూర్ పక్కనే ఘుగ్గుస్‌లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాను. చేతి తొడుగులు, బోల్టులు, బేరింగులు ఇచ్చి సంతకం తీసుకోవడం నా పని. మా నాన్న బొగ్గు గనిలో పనికని మంచిర్యాల నుంచి ఇటు వచ్చేనాటికి నేను ఏడో తరగతి దాకా తెలుగులో చదివాను. ఆ తర్వాత మరాఠీ బడి. అట్లా నాకు రెండు రకాల అక్షరాలూ చేతికి వచ్చాయి. నా గొప్ప ఏమన్నా ఉంటే అంతే.

ఒకరోజు ఆదిలాబాద్ పెద్దమనిషి ఒకాయన తన ఆంప్లిఫయర్‌లో గుయ్యిమని మోత వస్తోందని గ్రూపులో మొరపెట్టుకున్నాడు. హమ్మింగ్ అంటాం దాన్ని. అందరూ తలా ఒక సలహా ఇచ్చారు. సాయంత్రానికి ఒక కొత్త నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది. పేరు లేదు, ఫోటో ఉండాల్సిన చోట రాగి తీగ చుట్ట బొమ్మ. రాసింది మరాఠీ అక్షరాల్లో.

"ఇది హిందీ గ్రూపు కాదన్నా" అని ఒకరు రాశారు. నవ్వు బొమ్మలు పడ్డాయి.

అది హిందీ కాదు, మరాఠీ కాదు. తెలుగే. బడిలో హిందీ చదువుకున్నవాళ్లే అందరూ. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే తెలుగు మాటలు వినిపిస్తాయి. ఎవరూ కూడబలుక్కోలేదు. నేను చదివి తెలుగులో రాసి పెట్టాను: "ట్రాన్స్‌ఫార్మర్‌ను ఉన్న కాడనే పక్కకు తిప్పి చూడు అన్నా. మోత తగ్గిన కాడ బిగియ్యి."

ఆదిలాబాద్ ఆయన తిప్పాడు. మోత పోయింది. ఊరడిగితే బాబుపేట్ అని రావడంతో, ఆ రోజు నుంచి గ్రూపుకు ఒక 'బాబుపేట్ అన్న' దొరికాడు, నాకు ఒక పని దొరికింది. ఆ అన్న రాయడం, నేను తెలుగులోకి దింపడం.

పది రోజుల తర్వాత, 'బాబుపేట్‌లో ఎక్కడన్నా?' అని విడిగా అడిగి, దుకాణం వెతుక్కుంటూ వెళ్లాను. సన్నటి దుకాణం. గడప నిండా కాలిన కూలర్ మోటార్లు, కోఠారి అనే ఊరి నుంచి రైతులు తెచ్చి పడేసిన పంపు మోటార్లు. లోపల వార్నిష్ వాసన. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, యాభై దాటిన ఒకావిడ చేతి మిషన్ మీద తీగ చుడుతోంది. కళ్లజోడు ఒక కాడ విరిగితే మోటార్లకు చుట్టే తెల్ల టేపే చుట్టుకుంది.

"అన్న లేడా అమ్మా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. పెదాలు కదులుతున్నాయి. "ఏక్‌శే బారా, ఏక్‌శే తేరా..." అని మరాఠీలో చుట్లు లెక్కపెడుతోంది. లెక్క పూర్తయ్యాక తీగ కత్తిరించి తలెత్తింది.

"అన్నను నేనే. కుర్చీ లేదు, ఆ డబ్బ మీద కూసో."

కూర్చున్నాను.

"గ్రూపుల చెప్పకు తమ్మీ" అంది. "ఈడ మోటర్ తెచ్చినోడు ప్రతోడు మీ ఆయన లేడా అంటడు. ఆయన సమాధుల తోటల ఉంటడు, పోయి అడిగిరాపో అంట. గ్రూపుల ఎవ్వడు గట్ల అడగడు. అన్నా గిదెందుకు, అన్నా గదెందుకు అని సీదా సవాల్ అడుగుతరు. అడగనీ."

ఆ తర్వాత చాలా ఆదివారాలు, ఆమె చర్చి నుంచి వచ్చాక, ఆ డబ్బా మీద కూర్చున్నాను. లెక్కలు మరాఠీలో చేసేది, గిరాకీలతో హిందీలో పోట్లాడేది, ప్రార్థన తెలుగులో చేసేది. ఆమె పాటల నోటుపుస్తకం చూశాను. అన్నీ తెలుగు క్రైస్తవ కీర్తనలు, అన్నీ మరాఠీ అక్షరాల్లో. ఆమె చదివింది మరాఠీ బడిలోనే. గ్రూపులో అట్లా రాయడం ఆమెకు కొత్తేమీ కాదు.

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ తెస్తే ముందు వాసన చూసేది. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఇది ఒక్కసారి కాలలే. నెల నుంచి మెల్లగ ఉడికింది" అని చెప్పేది. విప్పితే అట్లాగే ఉండేది. నా ఆంప్లిఫయర్ తీసుకుపోయిన రోజు పాట పెట్టబోతే నా చెయ్యి పక్కకు నెట్టింది. పాట లేకుండానే వాల్యూమ్ పూర్తిగా పెంచి, స్పీకర్‌కు చెవి ఆనించి కూర్చుంది.

"పాట పెడితె అందరిది మంచిగనే ఉంటది. పాట లేనప్పుడు ఎట్లుందో చూడాలె" అంది.

ఆమె సొంతానికి అటక మీద ఒకే ఒక్క స్పీకర్ ఉండేది. రెండోది ఎందుకు పెట్టుకోలేదని అడిగితే, "నేను ఒక్కదాన్నే కదా" అని తీగ అందుకుంది. అది పరాచికమో కాదో నాకిప్పటికీ తెలియదు. మొహంలో ఏమీ కనిపించనిచ్చేది కాదు. గ్రూపులో అందరూ తమ తమ గదుల ఫోటోలు పెట్టుకుంటున్నప్పుడు, అన్నా నీ గది చూపెట్టమని అడిగారు. ఆమె అప్పుడే చుట్టిన ఒక కాయిల్‌ను బల్ల మీద పెట్టి ఫోటో తీసి పంపింది. తీగ పక్కన తీగ, దువ్వినట్టు. ఆ ఫోటోకు వచ్చినన్ని చప్పట్లు ఎవరి గదికీ రాలేదు. ఆ వారమంతా ఆమె కొంచెం హుషారుగా ఉన్నట్టు అనిపించింది.

అట్లా ఏడాది నడిచింది. ఈ లోపల నాకూ ఒక పేరు వచ్చింది. ఆమె మాటలు నా చేతి మీదుగా పోతుండటంతో, జనం ప్రశ్న అడిగేటప్పుడు ఆమెతో పాటు నన్నూ పిలవడం మొదలుపెట్టారు. నన్ను సార్ అన్నారు. ఫ్యాక్టరీలో నన్ను సార్ అని పిలిచినవాళ్లు లేరు. నలభై దాటాక ఆ పిలుపు ఎంత మత్తుగా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది.

అందరం ఒకసారి కలుద్దామని అడ్మిన్ సార్ అన్నప్పుడు, చంద్రపూర్‌లో పెడదామని ముందుకు దూకింది నేనే. అందరికీ బాబుపేట్ అన్నను చూడాలని ఉంది. ఆమె రానంది. నేను మూడు ఆదివారాలు బతిమాలాను. ఆమె కోసం బతిమాలుతున్నాననే అనుకున్నాను. నిజానికి అన్నను తెచ్చి అందరి ముందు నిలబెట్టినవాడిగా నేను నిలబడాలని.

"వస్తే ఏమైతదో నాకెర్కనే" అంది చివరికి. "సరే, నువ్వు ఉంటవ్ కదా."

ఆ మాట ఆమె నా మీద నమ్మకంతోనే అంది.

ఆ ఆదివారం తెల్ల చీర కట్టుకుని, కొత్తగా తయారు చేసిన ఆంప్లిఫయర్‌ను గుడ్డ సంచిలో పెట్టుకుని హాలుకు వచ్చింది. చీర మీద ఆ మగ చొక్కా లేకుండా ఆమెను చూడటం నాకు అదే మొదలు. అడ్మిన్ సార్ ఎదురొచ్చి నమస్కారం పెట్టి, ఆమె వెనక్కి చూశాడు.

"అన్నగారు రాలేదా అమ్మా?"

"ఆ అన్నను నేనే సార్."

అందరూ ఆమె వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఫోటోలు దిగారు. వరుసలో నిలబడి ఒక్కొక్కరూ అక్కా, అమ్మా అని పలకరించారు. చెడ్డ మాట ఒక్కరు కూడా అనలేదు, అది చెప్పాలి. మర్యాదగా తీసుకెళ్లి ముందు వరుసలో, భర్తలతో వచ్చిన ఆడవాళ్ల పక్కన కూర్చోబెట్టారు.

తర్వాత బల్ల మీద ఆమె ఆంప్లిఫయర్ మూత తీసి, చుట్టూ మూగారు. ప్రశ్నలు అడిగారు. నన్ను.

"ట్రాన్స్‌ఫార్మర్ మీద ఈ రాగి పట్టీ ఎందుకు చుట్టారు సార్?" అని అడ్మిన్ సార్ అడిగాడు.

ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి చెప్పింది. "మోత బయటికి రాకుంట సార్. రెండు కొసలు కలిపి సీసంతోటి టాకా కొట్టాలె, లేకుంటె పట్టి ఉండి ఫాయిదా లేదు."

అందరూ విన్నారు. విని, నా వైపు చూశారు. నేను తల ఊపాక వాళ్లూ తలలు ఊపారు. అడ్మిన్ సార్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చాలా బాగా నేర్పించారండీ ఆవిడకు" అన్నాడు.

నేర్పింది ఆమె. ఆ డబ్బా మీద కూర్చుని నేర్చుకుంది నేను. ఆ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను నవ్వాను. వినయంగా, తల కొంచెం వంచి నవ్వాను. ఆమె నాకు రెండడుగుల దూరంలో ఉంది.

భోజనం చేసింది. అందరికీ వందనాలు చెప్పింది. ఆటోలో బాబుపేట్ దాకా కలిసే వచ్చాం. దిగేటప్పుడు సంచి అందుకుంటూ అంది, "నవ్వితివి కదా తమ్మీ."

ఆ తర్వాత గ్రూపులో ఎవరూ ఆమెను అన్న అనలేదు. అక్కా అన్నారు, అమ్మా అన్నారు. ఆమె ఏం రాసినా కింద గులాబీ పువ్వుల బొమ్మలు పడేవి. ప్రశ్నలు మాత్రం పడటం మానేశాయి. ఎవరి ప్రశ్నకైనా తానే జవాబు రాస్తే, నేను దాన్ని తెలుగులో పెట్టగానే, 'సూపర్ అక్కా' అని నలుగురు, ఆ కింద అడిగినవాడు, 'సార్, ఇది కరెక్టేనా?' నన్ను. 'కరెక్టే' అని రాసేవాణ్ని. ఆమె ఏడాదిగా చెబుతున్న సంగతులకే ఇప్పుడు నా ముద్ర కావాల్సి వచ్చింది. నేను వేశాను. నిజం చెప్పాలంటే, కరెక్టే అని రాసే ప్రతిసారీ నాకు బాగానే ఉండేది.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు సిరిసిల్లలో మరమగ్గం నడిపే ఒక తమ్ముడు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఫోటో పెట్టి, బయటికి వచ్చిన తీగెల్లో ఏది ఎక్కడ పెట్టాలని అడిగాడు. ఆమె జవాబు రాసింది. మధ్యాహ్నం, స్టోర్స్ కౌంటర్ ముందు కాంట్రాక్టు కూలీలు తొడుగుల కోసం వరుస కట్టి ఉన్నారు. నేను ఫోన్‌ను బల్ల చాటున పెట్టుకుని గబగబా చదివి, తెలుగులో కొట్టి పంపాను: "ముందు ఎర్రది, నల్లది కలుపు. మీటర్ పెట్టి చూడు." కింద 'కరెక్టే' అని కూడా నేనే రాశాను.

సాయంత్రానికి సిరిసిల్ల నుంచి ఫోటో వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ నల్లగా మాడి, పైకాగితం బొబ్బలెక్కి ఉంది.

నేను పైకి జరిపి ఆమె రాసింది మళ్లీ చదివాను. 'కలుపకు' అని ఉంది. చివర ఉన్న 'కు'ను మింగేసి, నేను 'కలుపు' అని చదివాను.

నేను రాయబోయేలోపే గ్రూపు రాసింది. 'పర్లేదు అక్కా, పొరపాట్లు అందరికీ జరుగుతాయి.' 'మనుషులం కదా అక్కా.' 'అక్క మనసు బాధపడుతుంది, ఎవరూ ఏమీ అనకండి.' గులాబీలు, గులాబీలు. అడ్మిన్ సార్ రాశాడు: 'ఇకమీదట సార్ సరిచూశాకే ఇలాంటివి పెడదాం. మన కుటుంబంలో నిందలు ఉండవు.' ఆమె చేయని తప్పును అంత ప్రేమగా క్షమించారు.

ఆమె రాసిన 'కలుపకు' ఆ పైనే ఉంది. ఎవరైనా వేలితో కాస్త పైకి జరిపితే కనిపిస్తుంది. నేను చూస్తూ కూర్చున్నాను. ఆ వారమే నన్ను రెండో అడ్మిన్‌ను చేస్తానని సార్ అని ఉన్నాడు.

కొంతసేపటికి ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. దాన్ని తెలుగులో పెట్టడమూ నా పనే. పెట్టాను. "తమ్మీ, ఆ ట్రాన్స్‌ఫార్మర్ నాకు పంపు. చుట్టి ఇస్త." అంతే ఉంది అందులో. నా గురించి ఒక్క మాట లేదు. సిరిసిల్ల తమ్ముడు పంపాడు, ఆమె చుట్టి పంపింది. అది చేరిందని అతను రాసిన రోజు, ఆమె గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు ఒక బూడిదరంగు గీత పడింది. దాని కింద ఎవరో కొత్త స్పీకర్ ఫోటో పెట్టారు.

ఆ ఆదివారం దుకాణానికి వెళ్లాను. చుడుతోంది. లెక్క ముగిసేదాకా నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు.

"మరాఠీ మంచిగ సదువుతవు నువ్వు" అంది, తీగ కత్తిరిస్తూ.

"గల్తీ అయింది అక్కా. తొందరల జూడలే. గ్రూపుల చెప్త."

"ఎప్పుడు చెప్తవ్?"

"ఇయ్యాల్నే చెప్త."

ఆమె నా మొహం వైపు చాలాసేపు చూసింది. కోపంగా కాదు. కోపమైతే బాగుండేది. ట్రాన్స్‌ఫార్మర్ వాసన చూసేటప్పటి చూపు అది. ఆ తర్వాత కొత్త తీగ ఎక్కించి, ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ఆ రోజు చెప్పలేదు. ఆ వారమూ చెప్పలేదు. రెండో అడ్మిన్‌నయ్యాను. ఆ తర్వాత చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని చెప్పలేదు. రెండేళ్లు ఆ వీధికి వెళ్లలేదు.

పంక్చర్ వేయించుకుని ఇంటికి వచ్చి, మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా కూర్చుని గ్రూపులో రాశాను. ఆమె పోయిందని రాశాను. నాకు తెలిసిందంతా ఆమె నేర్పిందేనని, ఆ రోజు ట్రాన్స్‌ఫార్మర్ కాలింది నా వల్లేనని, ఆమె 'కలుపకు' అనే రాసిందని, నేనే 'కలుపు' చేశానని, దాచానని రాశాను. ఏదీ మెత్తగా చేయలేదు.

చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పడ్డాయి. తర్వాత మాటలు. 'ఎంత పెద్ద మనసు సార్ మీది.' 'పోయినవాళ్ల మీద మాట పడకుండా తప్పు మీ మీద వేసుకున్నారు.' 'గురువు అంటే మీరే సార్.' అడ్మిన్ సార్ నా మెసేజ్‌ను తీసి పైన, ఆ నియమం పక్కన అతికించాడు. సంస్కారం అంటే ఇదీ అని కింద ఒక వాక్యం చేర్చాడు. 'కాదండీ, నిజంగానే నా తప్పే' అన్నాను. దానికీ పువ్వులు పడ్డాయి.

సాయంత్రం సిరిసిల్ల తమ్ముడు ఫోన్ చేశాడు. గ్రూపులో అతను ఏమీ రాయలేదు.

"అన్నా, అక్క పోయిందన్న సంగతి నిజమేనా?"

"నిజమే. నేను రాసిందంతా నిజమే తమ్మీ. నువ్వన్నా నమ్ము."

"నమ్ముడేంది అన్నా, నాకు ఆ దినమే ఎర్క. పొగ వచ్చినంక ఫోన్ల పైకి జరుపుకుంట అక్క రాసింది ఒక్కొక్క అక్షరం సదివిన. కలుపకు అనే ఉండె."

ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాను. "మరి గ్రూపులో ఎందుకు అనలేదు?" అని అడిగాను.

"అక్క గ్రూపుల నుంచి పోయినంక, అందామనే ముందుగాల ఆమెకు ఫోన్ చేసిన. వద్దన్నది. తమ్మి చెప్తనన్నడు, ఆయననే చెప్పనీ, నువ్వు నడుమల పడకు అన్నది. ఆమె గ్రూపుల లేదాయె. అందుకని దినం తప్పి దినం నాకే ఫోన్ జేసి అడిగేది, ఏమన్న రాసిండా అని. లేదక్కా అనేటోన్ని."

"ఎన్ని రోజులు అడిగింది?"

అతను నెలలు లెక్కపెట్టుకుంటున్నట్టు గొణుక్కున్నాడు. వెనక మరమగ్గాల చప్పుడు వినిపిస్తోంది.

"వానలు పడేదాంక అడిగింది అన్నా. తర్వాత అడుగుడు బంద్ జేసింది."